సుంకంమెట్ట రాళ్లు

గునపం చప్పుడు వినబడగానే బాలసుబ్రమణ్యం నడక ఆపేశాడు.

"విన్నావా మునిరత్నం? ఎవడో తవ్వుతున్నాడు."

జీపు కింద ఆపి వెంట నడిచి వచ్చిన డ్రైవరు మునిరత్నం చెవి ఒగ్గాడు. "నిధులోళ్లే సార్. ఇంకెవరికుండాది ఈడ పని?"

ఆ మాటతో లెక్చరరు బాలసుబ్రమణ్యం ఒళ్లు భగ్గుమంది.

ఇది తొంభై ఎనిమిదో సంవత్సరం మాట. చిత్తూరులో చరిత్ర పాఠాలు చెప్పే బాలసుబ్రమణ్యం ఆరేళ్లుగా ఈ సరిహద్దు కొండల మీద పుస్తకం రాస్తున్నాడు. ఇటు పలమనేరు, అటు గుడియాత్తం. బురుజులు ఎక్కాడు, గుర్రాలు నీళ్లు తాగిన దొనలు కొలిచాడు. తీరా సుంకంమెట్ట దగ్గరికి వచ్చేసరికి పుస్తకం ఆగిపోయింది.

ఒకప్పుడు సరుకు దాటించేవాళ్లు సుంకం కట్టిన చోటు, ఇప్పుడు వాళ్లిద్దరూ నిలబడ్డ ఈ మెట్టే. అక్కడ తొమ్మిది శాసనాలు ఉండేవని పాత కాగితాల్లో ఉంది. ఏ రాజు హద్దు ఎక్కడిదాకానో ఆ తొమ్మిదే చెప్పాలి. ఆరేళ్లలో ఒక్కటీ ఆయన కంటబడలేదు.

రాతి మీద అక్షరాలుంటే నిధి ఉన్నట్టేనని నమ్మే మహానుభావులకు ఈ సీమలో కొదవ లేదు. పగలగొట్టి మరీ వెతుకుతారు.

తంగేడు పొదలు తప్పించుకుని వెళ్లి చూస్తే, పంచె ఎగ్గట్టిన ముసలాయన. నడుం లోతు గుంత. పక్కనే పడుకోబెట్టిన పెద్ద రాయి. దానికి పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయ.

రాయి నిండా అక్షరాలు!

బాలసుబ్రమణ్యం ఒక్క ఉరుకున పోయి గునపం లాగేసుకున్నాడు.

"దొంగ నాకొడకా! ఎన్ని పగలగొట్టినావురా?"

"పగలగొట్టేదా? సామీ, నేను..."

మాట పూర్తికాకముందే చెంప ఛెళ్లుమంది.

మునిరత్నం కేకలకు కింద పల్లెలోంచి జనం ఎక్కి వచ్చారు.

"మన మేకల చిన్నబ్బ గదప్పా!" అన్నాడొకడు.

"ఓహో, అందుకేనా దినామూ కొండెక్కేది!" అన్నాడింకొకడు.

"మిగతా రాళ్లు యాడ?" బాలసుబ్రమణ్యం గద్దించాడు.

చిన్నబ్బ చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఈ అచ్చరాలు నువ్వు సదవగలవా సారూ?"

"చదవగలను. అయితే?"

"అయితే నువ్వొక్కడివే ఇట్ట రా. అందరి ముందర సెప్పేది కాదు."

బాలసుబ్రమణ్యం పెద్దగా నవ్వాడు. "విన్నారాప్పా? నాచేత చదివించుకుని నిధికి దారి కనుక్కుంటాడంట. నాకూ వాటా ఇస్తాడేమో!"

జనం మీద పడ్డారు.

మునిరత్నానికే భయమేసింది. "సార్, ముసిలోడు. సాలనండి సార్."

"నాలుగు తగలనీ. బుద్ధి వస్తుంది."

అలా అని ఆయన రాతి పక్కన కూర్చుని, అక్షరాల్లో ఇరుక్కున్న మట్టిని రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆరేళ్ల ఆకలి మరి. వెనక మూలుగులు ఎప్పుడు ఆగాయో కూడా గమనించలేదు.

మూడో రోజు ఆసుపత్రిలో చిన్నబ్బ ప్రాణం పోయింది. కొండ మీంచి జారిపడ్డాడని ఊరంతా ఒకే మాట చెప్పింది. రాయి కాలేజీకి చేరింది. దాని పక్కన నిలబడ్డ బాలసుబ్రమణ్యం ఫోటో పేపర్లో పడింది.

చదివితే ఆ రాతిలో సగం మాటే ఉంది. తక్కిన కథంతా మిగిలిన ఎనిమిదింటిలో ఉందట.

నెల తిరక్కుండా ఆయన చిన్నబ్బ గుడిసె వెతుక్కుంటూ వచ్చాడు. చిన్నబ్బ భార్య సిద్ధమ్మ మేకల తలుగులు విప్పుతూ ఉంది.

"నీ మొగుడు చేసినదానికి నిన్నేమీ అననమ్మా. ఆ ఎనిమిదీ ఎవరికి అమ్మినాడో చెప్పు, అంతే చాలు."

సిద్ధమ్మ ఆయన వైపు చూసింది. ఆమెకు కోపం కూడా రాలేదు.

"అమ్మేదేంది సామీ, నిధులోళ్లు పగలగొడతారని పదేండ్లుగా ఒక్కోదానికీ పసుపూ కుంకం పెట్టి ఆయప్పే పూడ్సినాడు, యాడ పూడ్సినాడో నాక్కూడా సెప్పలా, అచ్చరాలు సదివే సారెవరన్నా కొండెక్కి వస్తే ఆ సారు ఒక్కడికే సెప్తా అంటాండె."