స్టీరింగ్ తిప్పే మనిషి

"కుడికి తిప్పు. ఊఁ, ఇప్పుడు ఎడమకి. మెల్లిగా బాబూ, మెల్లిగా!" జీపు కింద వెల్లకిలా పడుకుని మాణిక్యం అరిచాడు.

పైన సీట్లో కూర్చున్న ముప్పై ఏళ్ల మనిషి చెప్పినట్టే తిప్పాడు.

మాణిక్యం సైన్యంలో ఇరవై నాలుగేళ్లు బళ్లు బాగుచేసి రిటైరైన హవల్దారు. జీపు ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండే సెక్షన్ ఆఫీసర్ పద్మనాభానిది. డ్రైవింగ్ రాకపోయినా ముచ్చటపడి మిలటరీ వేలంలో కొనేశాడు. నేర్పడానికి నాగపూర్‌లో పుట్టి పెరిగిన బావమరిది కిరణ్‌కుమార్‌ని రమ్మన్నాడు. ఈలోగా బండిని ఇంటికి చేర్చిన డ్రైవరు, వేగం నలభై దాటితే స్టీరింగ్ గడగడలాడుతోందని, ప్రాణం మీద ఆశ ఉంటే తోలొద్దని చెప్పి మరీ వెళ్లాడు.

"ఆదివారమైనా నాకు ఆఫీసుందండీ. మా ఆవిడ ఊళ్లో లేదు. మీరు వచ్చి మొదలుపెట్టేయండి. మావాడు పొద్దున్నే దిగుతాడు, స్టీరింగ్ తిప్పడానికి ఉంటాడు" అని పద్మనాభం ముందురోజు ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ మాణిక్యానికి కాలు నిలవలేదు. రిటైరై మూడేళ్లయినా ఢిల్లీలో ఒక్కరూ ఆయన్ని నమ్మి బండి ఇవ్వలేదు. ఈ జీపు కుదిరితే క్వార్టర్స్‌లో బళ్లన్నీ తన దగ్గరికే వస్తాయి, చిన్న షెడ్డు వేసుకోవచ్చు. కుదరకపోతే ఇక ఇంట్లో కూర్చుని కూరలు తరగడమే.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మాణిక్యం వచ్చేసరికి మనిషి జీపులోనే ఉన్నాడు. స్టీరింగ్ కిందకి తల దూర్చి వైర్లు కెలుకుతున్నాడు.

"ఏటి బాబూ, కిరణ్‌కుమారేనా? అప్పుడే పనిలోకి దిగిపోయావా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. మాణిక్యం మీసాలకేసి, చేతిలోని పెద్ద రెంచీకేసి చూశాడు.

"జీ" అన్నాడు.

"తాళం మీ బావగారు ఆఫీసుకి పట్టుకుపోయాడా?"

"జీ."

"పోనీలే. తాళం లేదని ఆర్మీలో యుద్ధం ఆపుతామేటి?" మాణిక్యం రెండు వైర్లు బయటికి లాగి, ఎలా కలిపితే ఇంజను అందుకుంటుందో చూపించాడు. అతను శ్రద్ధగా చూశాడు.

తెలుగు అర్థమవుతోందో లేదో గానీ, నోటివెంట ఒక్క ముక్క రావడం లేదు. ఉత్తరాదిన పెరిగిన మనవాళ్ల పిల్లలంతా ఇంతే కదా అని మాణిక్యం నిట్టూర్చి, మాటకు సైగ కలిపాడు.

ముందు జాకీ ఎత్తాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. పక్కలు పట్టుకుని ఊపితే టక్కుమంది. రోగం ఎటువైపుందో తెలిసిపోయింది. ఇక పైన స్టీరింగ్ తిప్పిస్తూ, కింద ఒక్కో కీలు మీద చెయ్యేసి చూడాలి.

"అంకుల్, మై చలూఁ?" అన్నాడతను పావుగంటకే.

"ఎక్కడికి? ఎవరి బండయ్యా ఇది? కూర్చో!"

కూర్చున్నాడు.

రెండు చక్రాలనూ కలిపే కడ్డీ చివర మాణిక్యం వేళ్లు ఆగాయి. లోపలి గుండు అరిగి, గుంటలో వదులుగా ఆడుతోంది. రెండో చివరా అంతే. పైన స్టీరింగ్ బెత్తెడు తిరిగినా కింద చక్రానికి కబురే అందడం లేదు. ఈ రోగమే అయ్యుంటుందని ముందురోజే కశ్మీరీ గేట్ బజార్లో కొనుక్కొచ్చిన కొత్తవి రెండు బిగించి, చక్రాల వరస దారం పట్టి సరిచేసేసరికి పన్నెండయింది. ఆపాటికి అతను కూడా చొక్కా చేతులు మడిచి బోల్టులు పట్టాడు. బద్ధకస్తుడే గానీ పనిమంతుడు అనుకున్నాడు మాణిక్యం.

"రింగ్ రోడ్డెక్కి అరవైలో తోలి చూడు. చెయ్యి వణికితే నా మీసం తీసేస్తా."

"మీరట్ తక్ చలేగీ, అంకుల్?"

"మీరట్ ఏటి, కశ్మీర్ దాకా పోతుంది!"

అతను వంగి మాణిక్యం కాళ్లకు దణ్ణం పెట్టాడు. భాష పోయినా సంస్కారం పోలేదని మాణిక్యానికి ముచ్చటేసింది. జీపు మలుపు తిరిగేదాకా ముందు చక్రాలనే చూస్తూ నిలబడ్డాడు. ఇసుమంతైనా ఊగలేదు. ఆయనకు కళ్లు చెమర్చాయి.

అరగంట తర్వాత పద్మనాభం బస్సు దిగి గబగబా వచ్చాడు.

"సారీ మాణిక్యం గారూ, పొద్దున్నుంచీ ఊరికే కూర్చోబెట్టేశాను. పని మొదలే కాలేదేమో కదా?"

"కాకపోవడమేటండీ! బండి వెన్నపూసలా పోతోంది. తోలుతున్నాడు, ఇహనో ఇప్పుడో వచ్చేస్తాడు. మీ బావమరిది బంగారమండీ!"

పద్మనాభం ఖాళీ స్థలంకేసి చూశాడు. మాణిక్యంకేసి చూశాడు.

"వాడి రైలు ఇంకా ఝాన్సీలోనే ఉందండీ."