అక్క ఉన్న గది

“మాధురీ!” అంది శకుంతలమ్మ, గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూసి. ఆరేయబోతున్న చీర ఆమె చేతిలోనే ఉండిపోయింది.

“మాధురి చెల్లెల్నండీ, పూజితని. నర్సాపురం నుంచి వచ్చి ఇక్కడే డిగ్రీలో చేరాను. అక్క ఉన్న గది ఒక్కసారి చూస్తానండీ.”

ఆరేళ్ల కిందట మాధురి కృష్ణానగర్‌లోని శకుంతలమ్మ ఇంట్లో అద్దెకుంటూ కాలేజీకి వెళ్లేది. అక్కడ ఉండగానే జ్వరం ముదిరి చనిపోయింది.

శకుంతలమ్మ మేడమీది గది తలుపు తీసింది. “ఇప్పుడు డాన్సర్ పిల్లలుంటున్రు. షూటింగ్‌కు పోయిన్రు. మంచం మాత్రం గదే బిడ్డా. మీ అక్కకు ఒళ్లు కాలిపోతున్నా, మీ అమ్మ ఫోన్ చేస్తే లేచి కూసునేది. నవ్వుకుంట ‘బాగున్నానమ్మా’ అనేది. ఎందుకే గట్ల అంటే, అమ్మ భయపడ్తదనేది. నేను దవాఖానకు తీస్కపోయేసరికి ఆలస్యమైంది.”

పూజిత మంచం అంచున కూర్చుంది. రెండు వారాలుగా హాస్టల్‌లో ఏడ్చి, మొహం కడుక్కుని, తానూ అమ్మకు నవ్వుతూ అదే మాట చెబుతోంది.

ఫోన్ మోగింది. అమ్మే.

“బాగున్నావా తల్లీ?”

“బాగున్నా...” తన గొంతులో అచ్చం అక్క గొంతే వినిపించింది. పూజిత మంచం మీంచి లేచి నిలబడింది.

“లేదమ్మా. బాలేను. నిద్ర పట్టట్లేదు, భయంగా ఉంటోంది. నువ్వొకసారి రావా?”



“అక్క ఒక్కసారైనా ఇలా అడగలేదే,” అంది అమ్మ ఏడుస్తూ. “ఇప్పుడే బయల్దేరుతున్నా.”