వెండి ముక్క

కాంట్రాక్టు పనులు చేయించే ఠేకేదారు పాత మోటారు సైకిలుకు పాయింటు అనే విడిభాగం దొరక్క మెకానిక్ భూషణం దంతెవాడ నుంచి వట్టి చేతులతో కోంటాకు తిరిగొచ్చాడు. తన మరమ్మతు కొట్లో ఉన్న ఆ బండిని ఊరికే ఒక తన్ను తన్నాడు. స్టార్టయింది!

తను లేనప్పుడు ఎవడో తన పానాలు, రెంచీలు ముట్టాడు. మాగ్నెటో మూత విప్పాడు. నిప్పురవ్వ పుట్టే చోట, అరిగిన పాయింటు మీద చిన్న వెండి ముక్క అతికించి ఆకురాయితో సాపు చేసి ఉంది. తన చేతికి ఎన్నడూ రానంత సాపు.

భార్య సారలమ్మ కాళ్లకేసి చూశాడు. ఎడమకాలికి మెట్టె లేదు.

"నేను బతికుండంగనే మెట్టె తీసి ఎవనికిచ్చినవే?"

"ఎవనికీ ఇయ్యలే. నేనే కోసి ఏసిన. ఇన్నేండ్లు నీకు పానాలందిచ్చుకుంట సూస్తలేనా?"

భూషణం ముఖం మాడిపోయింది. ఎవడో మగాడైతేనే నయమనిపించింది.

అంతలో ఠేకేదారు వచ్చి ఇంజనులోకి వంగి చూశాడు. "ఇంత సాపు పని నీది కాదు మిస్త్రీ. ఎవరిది?"

"దారినపోయే మిస్త్రీ ఎవడో చేసిండు సాబ్. ఎల్లిపోయిండు. ఇగ రాడు," అన్నాడు భూషణం.

ఠేకేదారు బండెక్కి వెళ్లాక, సారలమ్మ వంగి కుడికాలి మెట్టె తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఇది గూడ ఉంచుకో, మల్ల పాయింటు అరిగితే నువ్వే కోసి ఏసుకో. మిస్త్రీ ఎల్లిపోయిండు గద."