క్రేను ఊడదీసిందెవరు?

"ఎవురే దీన్ని ఊడదీసింది?"

హజరత్తయ్య అరుపుకు వసారాలో ఎండుచేపల తట్ట దగ్గర కాపు కాస్తున్న పిల్లి ఎగిరి గోడెక్కింది. నిన్న సాయంత్రం దాకా నిటారుగా నిలబడిన బొమ్మ క్రేను, తెల్లారేసరికి చాపమీద ముక్కలై పడి ఉంది. చిల్లుల రేకులు ఒకపక్క, చక్రాలు ఒకపక్క, చిటికెనవేలి గోరంత నట్లూ బోల్టులూ కొబ్బరిచిప్పలో. ఈ వారంలో ఇది మూడోసారి.

"నేను కాదు తాతా, ఒట్టు!" మనవరాలు వెన్నెల స్కూలు బ్యాగు తగిలించుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. "రేపే ఎగ్జిబిషను. క్రేను తీసకపోకపోతే మా సైన్సు టీచరు మార్కులెయ్యదు."

"ఎలకలేమో," అంది భార్య ఆదిశేషమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా.

"ఎలకలు స్క్రూడ్రైవరు పట్టుకుంటాయా మే? నట్లన్నీ ఏరి చిప్పలో పోస్తాయా?"

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. హజరత్తయ్య మనవరాలి వైపు తిరిగాడు. "నువ్వు ఏడవబాక. స్కూలుకు పో. సాయంత్రానికి నేను నిలబెడతా గదా," అని చాపమీద చతికిలబడ్డాడు.

కావలి స్కూల్లో ఇచ్చారని ఆ పిల్ల తెచ్చిన పెట్టె అది. చుట్టుపక్కల ఏ బోటు ఇంజను మొరాయించినా హజరత్తయ్య కోసమే మనిషి వచ్చేవాడు. అంతటి మెకానిక్కుకు ఈ పిల్లలాట సామాను చుక్కలు చూపిస్తోంది. నాలుగు నెలల కిందట పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి ఆ వేళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి. ఇంజన్ల పని ఎలాగూ పోయింది, కనీసం పిల్లకు ఒప్పుకున్న బొమ్మయినా చేసివ్వలేనా అని అతనికి ఉక్రోషంగా ఉంది.

పెట్టెతో వచ్చిన కాగితంలో అక్షరం ముక్క లేదు. అన్నీ బొమ్మలూ బాణాలే. పొడుగు రేకును ఏడో చిల్లు దగ్గర బిగించాల్సింది ఆరో చిల్లు దగ్గర బిగించాడు. ఆ సంగతి దానిమీద ఇంకో నాలుగు రేకులు ఎక్కించాక గానీ తెలియలేదు. మళ్లీ మొదటికొచ్చింది. బోల్టు దూరిస్తే నట్టు జారుతుంది. నట్టు పట్టుకుంటే రేకు గిర్రున తిరుగుతుంది. మొదటిరోజు నట్టును పళ్లతో పట్టుకుని మింగినంత పని చేశాడు. ఇవాళ కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎలాగో ఇరికించి, ఎడమచేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతున్నాడు.

"నీ దుంపతెగ! రవ్వంత సేపు నిలబడితే నీ సొమ్మేం పోతాదే?" అని నట్టును తిట్టిపోశాడు.

పదకొండింటికి బోటు యజమాని పెంచల్ వచ్చాడు. "మావా, ఇంజను నల్లపొగ కక్కతా ఉండాది. ఒకసారి రా. నువ్వు చెయ్యి పెట్టబాక, ఊరికే చెప్పు, చాలు."

"చెయ్యి పెట్టకుండా చెప్పేదానికి నేనేం రేడియోనా? పోరా."

"అట్లయితే ఆస్పత్రికన్నా పొయ్యి ఆ ఎక్సర్‌సైజులు చెయ్యి."

"ఒకరోజు పొయ్యొచ్చినాలే. రబ్బరు బంతులు పిసికేదానికి నేనేమన్నా చంటిబిడ్డనా? పో, నాకు పనుండాది."

పెంచల్ అతని ముందున్న బొమ్మ సామానును చూసి, నవ్వు దాచుకుంటూ వెళ్లిపోయాడు. హజరత్తయ్యకు ఒళ్లు మండింది. ఆ మంటలో చేతిలోని వాషరు కాస్తా జారి చాప కిందికి దొర్లింది. దాన్ని వెతకడానికే అరగంట పట్టింది. అన్నానికి రమ్మని ఆదిశేషమ్మ రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ కసిరాడు.

అయిదింటికి క్రేను లేచి నిలబడింది. పిడి తిప్పితే దారం చుట్టుకుంటూ, వలకు కట్టే సీసం గుండును కొక్కెంతో సహా పైకి లేపింది. హజరత్తయ్య దాన్ని ముమ్మారు దింపి, ముమ్మారు ఎత్తి చూసుకున్నాడు. ఈసారి మాత్రం దొంగ సంగతి తేల్చాల్సిందే అనుకుని, క్రేనును గోడవారగా పెట్టి, తువ్వాలు మొహాన కప్పుకుని దొంగ గురక తీశాడు.

పావుగంట గడిచిందో లేదో గాజుల చప్పుడయింది. తువ్వాలు సందులోంచి చూశాడు. ఆదిశేషమ్మ! చాపమీద బాసింపట్టు వేసుకుని, అతని స్క్రూడ్రైవరుతోనే క్రేను విప్పుతోంది. చక్రాలు అప్పటికే చిప్పలో పడ్డాయి.

"ఓసినీ! నువ్వా?" దిగ్గున లేచి కూర్చున్నాడు.

ఆమె స్క్రూడ్రైవరు కొంగు చాటుకు దాచింది.

"పొద్దున్నుంచి తిండి గూడా తినకుండా నేనీడ చస్తా ఉంటే, నువ్వు విప్పతా ఉండావా? చెయ్యి పడిపోయినోడు చేసిన పనని నీక్కూడా ఎకసెక్కమయిపోయిందా మే?" "రేపు బిడ్డ ఏం తీసకపోతాది స్కూలుకు?"

"అదిగాదయ్యా..." అంటూ ఆదిశేషమ్మ వాకిలి వైపు చూసింది.

"ఏదిగాదు? చెప్పు! ఎందుకు విప్పినావో చెప్పు!" కుడిచేతి చూపుడువేలు ఆమె మొహమ్మీదికి పొడిచినట్టు చాపి గద్దించాడు.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. వెన్నెల గుమ్మం బయట చెప్పులు విడుస్తూ, లోపల ఎవరున్నారో చూడకుండానే కేకేసింది.

"అవ్వా! ఆస్పత్రిలో ఎక్సర్‌సైజుల డాక్టరమ్మ ఈసారి ఇంకా సన్న నట్లుండే రైలింజను పెట్టె ఇచ్చింది. ఎగ్జిబిషను వచ్చే శనివారానికి మార్చినారని తాతకి చెప్పమనింది!"