రెండో కారణం

"మళ్ళీ తిప్పి పంపారు," అన్నాడతను లాప్‌టాప్ ముందు తల పట్టుకుని.

"ఎన్నోసారి?" సోఫాలో చొక్కాకి గుండీ కుడుతున్న అమ్మ అడిగింది.

"మూడోసారి. ఐదింటిలోపు ఈ రివ్యూయర్ సరే అనకపోతే నా అధ్యాయం లేకుండానే మాన్యువల్ వెళ్ళిపోతుంది. రెండు నెలల పని నీళ్ళపాలు."

కంప్యూటర్‌లో వైఫైని నడిపే ప్రోగ్రామైన వైర్‌లెస్ డ్రైవర్‌లో, డేటా ప్యాకెట్లు బయటికి వెళ్ళే క్యూ ఒకటుంటుంది. దాన్ని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో అందరికీ అర్థమయ్యేలా రాయడం అతని పని. కోడ్ రాసిన మహానుభావులు ఒక్క ముక్క వివరణ రాయకుండా చేతులు దులుపుకుని పోయారు.

తెర మీద రివ్యూయర్ వ్యాఖ్య పొడిపొడిగా ఉంది: "క్యూ ఆపడానికి ఒక్క కారణమే రాశారు. మిగతావి?"

"ఏం మనిషో. కాస్త మెత్తగా చెబితే సొమ్మేం పోయింది?" అన్నాడు గట్టిగానే.

"మెల్లగా అనరా," అంది అమ్మ.

పక్కగది తలుపు మూసి ఉంది. లోపల భార్య ఆఫీసు పనిలో ఉంది. నిన్నటి నుంచి అతనితో మాటల్లేవు. ఇల్లు బోసిపోయినట్టుంది అతనికి.

"అమ్మా, నీ కోడలికి టీ కావాలేమో కనుక్కో."

"మీ ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొయ్యడమేనా నా పని? ఇంతకీ ఎందుకలిగింది?"

"కుళాయి కారుతోందని వారం నుంచీ చెబుతోంది. పొద్దున బాగుచేశాగా. అయినా ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అయితే ఇంకో కారణం ఉందన్నమాట."

అతను చప్పున కోడ్ వైపు తిరిగాడు. ప్యాకెట్లు దాచే బఫర్ నిండినా క్యూ ఆగుతుంది, వైఫై ఛానెల్ మారుతున్నా ఆగుతుంది. రెండూ ఒకేసారి వస్తే? ఒకటి తీరిందని వదిలేస్తే కొంప మునుగుతుంది. గబగబా రాసి పంపాడు: "ఆపిన కారణాలన్నీ తీరాకే క్యూ కదలాలి."

"నిన్న అక్కతో ఫోన్‌లో ఏమన్నావు?" దారం కొరుకుతూ అడిగింది అమ్మ.

అతను నాలిక కరుచుకున్నాడు. "'నీ మరదలికేం, తప్పులు వెతకడం తప్ప వేరే పనేముంది' అన్నాను. నవ్వులాటకే."

"అప్పుడు ఆ తలుపు తీసే ఉంది."

అతను లేచి టీ పెట్టాడు. గ్లాసు పట్టుకెళ్ళి తలుపు తట్టాడు.

"నిన్న అక్కతో అన్నది తప్పే. నువ్వు చేసే పని నా వల్ల కాదు. ఏమనుకోకు."

లోపల కీబోర్డు టకటకలాడింది. వెనకాల అతని లాప్‌టాప్ టింగుమంది.

"ఒరేయ్, పచ్చగా ఏదో వచ్చింది," అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. "'రెండో కారణం దొరికింది. ఆమోదించాను.'"

టైము నాలుగూ నలభై. అతనికి ప్రాణం లేచొచ్చింది.

తలుపు తీసి, మొగుడి చేతిలోంచి టీ అందుకుంది రివ్యూయర్.