నాలుగు వందల ఏళ్ల తుప్పు

మగవాడి ఆగ్రహాన్ని అదుపులో ఉంచడానికి మానవజాతి కనిపెట్టిన సాధనాలన్నింటిలోనూ అగ్రస్థానం పెదవుల మధ్య పట్టుకునే మడత కాగితానిదే. ఒరలోంచి కత్తి దూసేవాడు దాన్ని కరిచి పట్టుకోవాలి. ఉక్కు మీద ఊపిరి తగలకూడదు, తుంపర పడకూడదు. కాగితం ఉన్నంతసేపూ ఎంతటి వీరుడైనా మూగవాడే.

హగివారా సెయిజిరో గారు ఆ ఉదయం అలాగే మూగవారై కూర్చున్నారు. ముఖం మాత్రం కందగడ్డ అయింది.

ఆయన నగర నీటి సరఫరా శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు గొట్టాల తుప్పుతో యుద్ధం చేసి రిటైరైన మనిషి. నిరుడు, భార్య నొబుయెకు తల్లి ఇచ్చిపోయిన కమలా తోట అమ్మించి, ఈ కత్తి కొన్నారు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని, పది రోజుల తర్వాత నిన్న సాయంత్రమే ఇల్లు చేరారు. ఆదివారం ఖడ్గప్రియుల సంఘం వారు కత్తిని దర్శించడానికి వస్తున్నారు.

అందుకే వెదురు మేకు తీసి పిడి ఊడదీశారు. పిడిలో దాగి ఉండే ఇనుప తోక నల్లటి తుప్పుతో ఉండాలి. ఆ తుప్పే కత్తికి జన్మపత్రిక; వయసైనా, అసలో నకిలీయో అయినా తేల్చేది అదే. దాన్ని ఏ తరంవారూ తాకరు.

ఇప్పుడది తళతళలాడుతోంది. కమ్మరి పేరు నిన్న చెక్కినంత స్పష్టంగా కనబడుతోంది.

ఆయన కత్తిని పట్టుగుడ్డ మీద పడుకోబెట్టారు. కాగితం తీశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు అరిచారు.

“నొబుయె, ఎవరు ముట్టుకున్నారిది?”

“నేనేనండీ. వానలు మొదలయ్యాయి, నూనె రాయడం మర్చిపోకని ఆసుపత్రి మంచం మీంచి రోజుకి రెండుసార్లు ఫోన్ చేశారుగా. నిన్న పొద్దున పిడి తీసి చూస్తే తోకంతా తుప్పు. నలుగురూ వస్తే మీ పరువు పోతుందని...”

“కత్తికి రాయమన్నాను. తోక ముట్టుకోమన్నానా? అది తుప్పు కాదు, చరిత్ర. నాలుగు వందల ఏళ్లు ఎవడూ వేలు పెట్టలేదు. నువ్వొచ్చి అంట్లగిన్నెలా తోమిపెట్టావు.”

“నేను తోమలే...”

“నోరెత్తకు. ఏం పెట్టి గీకావు? ఇసుక కాగితమా? ఇనుప పీచా?”

“ఒక్క మాట వినండి...”

“ఆదివారం వాళ్లకేం చూపించను, నీ గరిటెలు చూపించనా?”

నొబుయె మెల్లగా నడుముకున్న వంటగుడ్డ విప్పింది.

“గొట్టాలకి తుప్పు పడితే ముప్పై ఎనిమిదేళ్లు తిట్టుకున్నారు. దీనికి పడితే దండం పెట్టమంటున్నారు. మా అమ్మ తోట అమ్మి తెచ్చిన వస్తువు కదా, నాకు మాత్రం అక్కర ఉండదా?”

“తోటదేముంది, మళ్లీ నాటొచ్చు. ఆ తుప్పు మళ్లీ ఏ బజార్లో దొరుకుతుంది? దాని విలువ తెలియని మనిషికి ఈ ఇంట్లో చోటు లేదు.”

అరగంటలో నలభై ఒక్క ఏళ్ల సంసారం ఒక చేతిసంచిలో ఇమిడిపోయింది. నొబుయె గడప దగ్గర కూర్చుని చెప్పులు తొడుక్కుంది.

“మా చెల్లెలింటికి వెళ్తున్నా. గంజి పొయ్యి మీదుంది. మీకు నూనె పడదన్నాడు డాక్టరు, గుర్తుందిగా? ఉన్నదంతా కత్తికే పట్టించండి.”

“వెళ్లు.”

“వెళ్తున్నా. పోయేముందు ఒకటి చెప్పనివ్వండి. నేను గీకలేదు, తోమలేదు. కొత్త గుడ్డ గోరువెచ్చని నీళ్లలో తడిపి ఒక్కసారి తుడిచాను. అంతే. స్నానాలగదిలో బకెట్ మీద ఆరేశాను. నమ్మకపోతే చూసుకోండి.”

తలుపు జరిగింది, మూసుకుంది.

అబద్ధమని పళ్లు నూరుతూ, సంఘం ముందుంచవలసిన నేరసాక్ష్యాన్ని స్వాధీనం చేసుకోవడానికి సెయిజిరో గారు స్నానాలగదికి వెళ్లారు. తెల్లటి కొత్త గుడ్డ మధ్యలో అరచేతంత గోధుమరంగు మరక ఉంది. దాన్ని రెండు చేతులా పవిత్రంగా ఎత్తి ముఖం దగ్గరకు తెచ్చుకున్నారు.

నాలుగు వందల ఏళ్ల చరిత్ర కమ్మగా సోయా సాస్ వాసన వేస్తోంది.