సాలోమోను పండుగకొస్తున్నడు

"పొడుగు జర ఎక్కువ పెట్టు సూర్యప్రభమ్మా. కాళ్లు కనబడొద్దు."

సూర్యప్రభ కుట్టుమిషను ఆపి ఎర్ర గుడ్డను ఎత్తి చూసింది. "క్రిస్మస్ తాత ఇంత పొడుగేంటి వదినగారూ? పోయినేడు మీ పాటలవాళ్లతో వచ్చినాయన పొట్టిగా, బొద్దుగా ఉన్నాడుగా?"

"ఈయేడు తాత మారిండు," అంది ఎలీశమ్మ.

సూర్యప్రభ ఆమె ముఖంలోకి చూసింది. గుడ్డ ఇంకో జానెడు పొడుగు వదిలింది. మిషను మళ్లీ టకటకమంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. సూర్యప్రభ భర్త రామారావు గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. ఎలీశమ్మ దవాఖానలో ఆయా. ఆమె కొడుకు సాలోమోను కాలేజీ మానేసి అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలోకి దూకాడు. బస్సు తగలబెట్టిన కేసులో పేరెక్కింది. ఎండాకాలంలో ఇల్లు వదిలాడు, మళ్లీ కనబడలేదు.

ఎర్ర కోటు చంకలో పెట్టుకుని ఎలీశమ్మ ఇంటికొచ్చేసరికి మత్తయి నిచ్చెన మీద ఉన్నాడు. వెదురు బద్దల నక్షత్రాన్ని చూరుకు కడుతున్నాడు.

"నీకు మతి పోయిందానే? ఆ కోటు ఆంధ్రోళ్లతోని కుట్టిస్తవా?"

"నీకుందా మిషను?"

"ఆమె మంచిదే. ఆమె మొగుడు? పెద్దసారు తుమ్మితే రుమాలు పట్టుకొని ఉరుకుతడు. గసుంటోడు పోలీసోళ్లకు చెప్పడా?"

"నక్షత్రం వంకరైంది. ముందు గది జూడు."

సాయంత్రం కొమరయ్య వచ్చాడు. సాలోమోనుకు చిన్నప్పటి దోస్తు, క్రిస్మస్‌కు ఇల్లిల్లూ తిరిగే పాటలవాళ్లకు ఈయేడు పెద్ద. గుమ్మంలోనే గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, వాడు ఇంటికి రానీకి భయపడ్తుండు. ఎల్బీనగర్ అవతల చెల్క పొలాలల్ల పండుకుంటుండు. ఒకటే దగ్గు. కనబడితే కాల్చమని ఆర్డరున్నదంట."

సకినాల పిండి కలుపుతున్న ఎలీశమ్మ చెయ్యి ఆగింది. ఎండాకాలం పోలీసు కాల్పుల్లో పడిపోయిన అదే వీధి లింగమ్మ కొడుకును ఆమె పనిచేసే దవాఖానకే తెచ్చారు. ముఖం తుడిచింది ఆమే. ఎంత తుడిచినా చెవిలోంచి నెత్తురు వస్తూనే ఉంది.

"లింగమ్మ ఈయేడు పిండి తడపలే కొమరయ్యా."

"ఎవరికోసం తడుపుతది పెద్దమ్మా."

"వాణ్ని రమ్మను. అమ్మ రమ్మన్నదని చెప్పు. తాత ఏసంల అందరిండ్లకూ పోతడు, ఎవరికి తెలుస్తది? పండుగపూట నా కొడుకు నా చేతి బువ్వ తినాలె."

"పోలీసులొస్తే?"

"పండుగకు వాళ్లకు మాత్రం పెండ్లాం పిల్లలు లేరా?"

కొమరయ్య నవ్వాడు. "తెస్తగని, మటన్ నాక్కూడ ఉంచు."

పండుగ ముందు రోజు పొద్దుగూకుతుండగా డోలక్ వినబడింది. పాటలవాళ్లు వాకిట్లో నిలబడి పాడుతుంటే క్రిస్మస్ తాత ఊగుతూ, పిల్లలకు బిళ్లలు పంచుతూ ఇంట్లోకి నడిచాడు. ఎలీశమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసింది. ముసుగు తీశాడు. లోపల గడ్డం, పీక్కుపోయిన కళ్లు.

"అమ్మా, ఎంత సన్నవడ్డవే!"

"నేనా? అద్దంల జూస్కున్నవా బిడ్డా?" కొడుకును కావలించుకుంది. చేతికేదో గట్టిగా తగిలింది. "నడుముకు ఏందిది?"

"కత్తే. ఒక్కన్నే ఉంటగద."

"ఏసయ్య పుట్టిన పూట నా ఇంట్ల కత్తేంది? ఇటియ్యి."

కత్తిని బియ్యం డబ్బాలో దాచింది. ఎర్ర కోటు విప్పించి కొత్త తెల్లచొక్కా తొడిగింది. బగారన్నం, మటన్ పళ్లెం నిండా పెట్టింది. మత్తయి కొడుకు వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆ చెయ్యి తియ్యలేదు.

"ఇగ పోతనే. పాటలోళ్లు కదుల్తున్నరు."

"పోనీ. పక్కింట్ల కలుద్దువు. ఇంకో ముద్ద."

"అమ్మా..."

"ఇంకొక్కటి బిడ్డా."

ఆ ముద్ద నోట్లో ఉండగానే తలుపు విరిగింది. బూట్లు. లాఠీలు. తెల్లచొక్కా మీద కూర ఒలికింది. సాలోమోను నడుము తడుముకున్నాడు, అక్కడేం లేదు. జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు.

"కొట్టకుండ్రి సారూ! తినేటోన్ని కొట్టకుండ్రి!" ఎలీశమ్మ జీపు వెంట మెయిన్‌రోడ్డు దాకా పరుగెత్తింది.

ఆమె తిరిగొచ్చేసరికి వాకిట్లో మత్తయి ఎర్ర కోటు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఎవనికి తెల్సు? మనకు తెల్సు, కొమరయ్యకు తెల్సు. ఇంకెవరికి తెల్సు? ఇది కుట్టినోళ్లకు!"

డోలక్ కింద పడింది. గొడవ విని వెనక్కొచ్చిన పాటలవాళ్లంతా పక్కింటి మీదికి పోయారు. రామారావును పంచెతో బయటికి లాగారు. కళ్లద్దాలు పగిలాయి. అడ్డం పెట్టిన చెయ్యి ఎముక విరిగిన చప్పుడు గోడ ఇవతలికి కూడా వినబడింది.

"వదినగారూ!" సూర్యప్రభ ఎలీశమ్మ కాళ్ల మీద పడింది. "నేను ఆయనకి కూడా చెప్పలేదండీ! మీరైనా చెప్పండి, మేం అలాంటివాళ్లం కాదని!"

ఎలీశమ్మ వంగి ఎర్ర కోటు అందుకుంది. దులిపి, మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

పండుగ పొద్దున గుడిగంట మోగుతుంటే పక్కింటి సామాను లారీ ఎక్కింది. మిషను ఎక్కించడానికి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. రామారావు ఒంటిచేత్తో తోస్తుంటే అరుగు మీదివాళ్లు నవ్వారు. లారీ విజయవాడ రోడ్డు ఎక్కేదాకా రాళ్లు పడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం అయినవాళ్లంతా ఎలీశమ్మ ఇంట్లో మోకరించారు. మత్తయి చేతులెత్తి ఏడుస్తూ ప్రార్థించాడు.

"ప్రభువా, నా కొడుకును పట్టిచ్చినోళ్ల నోరు పడిపోవాలె. వాళ్ల కడుపు కాలాలె."

"ఆమేన్," అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా ఎలీశమ్మ అంది.

కాల్చకుండా పట్టుకోమని ఠాణాకు వెళ్లి చెప్పింది ఆమే.